మేక మెడలో గద్ద జాడ

“ఇది మేకకి కట్టావేంటి తాతా? నా గద్దేదీ?” జీపు దిగుతూనే అడిగింది ముజ్నా.

వలస గద్దల ఒంట్లో చేరే విషాల గుట్టు తేల్చడానికి నిరుడు ఈ ఎడారిలోనే ఒక గద్ద వీపున ఆమె కట్టిన ట్రాకర్, ఇప్పుడు ముసలి బఖీత్ పెంచుకునే మేక మెడలో వేలాడుతోంది.

“ముందు కాఫీ తాగమ్మా.”

తాగి, ఇక చాలన్నట్టు కప్పు ఊపింది.

“నీ గద్ద చలికాలంలోనే చచ్చింది. ఆ రాళ్లకింద పాతిపెట్టా.”

“ట్రాకర్ కదలకపోయుంటే ఆ రోజే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా! తిరుగుతోంటే బతికే ఉందనుకున్నా. ఏ విషం చంపిందో ఇప్పుడెలా తేల్చను?”

ముసలాయన నిర్ఘాంతపోయాడు. “అది ఆగిపోతే నువ్వింక రావనుకున్నా తల్లీ. నిరుడు నువ్వెళ్లాక ఈ గుడారంలో ఇంకెవరూ కాఫీ తాగలేదు.”

ముజ్నా కప్పు మళ్లీ ముందుకు చాపింది. నిండింది, ఖాళీ అయింది.

ఈసారి ఊపలేదు.