బయట ఉన్నవాళ్లు

"మా అన్నయ్య బయటికి రాలేదు!"

ఆ కేకకి ఫైర్ ఆఫీసర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. రంగుల ఫ్యాక్టరీ వెనక సగం భగభగ మండుతోంది. పైకప్పు రేకుల సందుల్లోంచి నల్లటి పొగ తోసుకొస్తోంది. అరిచింది, ఫ్యాక్టరీలో అందరూ కంప్యూటరమ్మ అని పిలిచే అమ్మాయి. ఎవరెవరు బయటపడ్డారో చూపించే ముందు గేటు స్క్రీన్ మీద ఆమె అన్నయ్య పేరు పక్కన ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. 'బయట లేరు.'

"ఎక్కడ పనిచేస్తాడమ్మా?"

"మిక్సింగ్ రూములో సార్. బాగా లోపలికి ఉంటుంది."

ఆఫీసర్ చెయ్యి ఊపాడు. ఇద్దరు మనుషులు ముందుకొచ్చి మాస్కులు బిగించుకున్నారు. ఒకడు రెండోవాడి వీపు మీది సిలిండర్ని తట్టి చూశాడు.

"ఈ స్క్రీన్ని నమ్మొచ్చా?" ఆఫీసర్ మేనేజర్ని అడిగాడు. "ఆ కప్పు ఏ క్షణాన్నయినా కూలేలా ఉంది. లేని మనిషి కోసం ఉన్న మనుషుల్ని పంపలేను."

"ప్రోగ్రాం రాసింది ఈ అమ్మాయే సార్. ఫైర్ డ్రిల్లు చేసినప్పుడు ఒక్క తప్పు కూడా రాలేదు."

"వెనక గేటు వాళ్లను అడగండి."

"వాకీటాకీ పలకట్లేదు సార్. ఫోన్లేమో అందరివీ లోపల లాకర్లలో ఉండిపోయాయి. పక్క దారంతా పొగే. గోడ చుట్టూ తిరిగి వెళ్లమని మనిషిని పంపాను, ఇంకా రాలేదు."

"అంతసేపు ఆగలేం. పదండి!" అన్నాడు ఆఫీసర్. ఇద్దరూ తలుపు వైపు కదిలారు.

కంప్యూటరమ్మ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేలమీదే చతికిలబడింది. డ్రిల్లులో తప్పు రాని మాట నిజమే. ఆ రోజు అందరూ నవ్వుకుంటూ వరసలో వచ్చి, ఎవరి కార్డు వాళ్లు స్వైప్ చేశారు. ఇవాళ అంత తీరిక ఎవరికుంది? ఒకర్నొకరు తోసుకుంటూ గుంపులుగా బయటపడ్డారు. టీము మొత్తానికి ఒక్కరు కార్డు పెడితే చాలనే వెసులుబాటు పెట్టింది కూడా తనే.

'బయట ఉన్నవాళ్లు' అన్న లిస్టు తెరిచింది. విడి పేర్ల మధ్య 'వెనక గేటు' అని కనిపించింది. విప్పింది. అందులో 'మిక్సింగ్ టీము'. దాన్నీ విప్పింది.

అందులో ఉంది అన్నయ్య పేరు.

"ఆపండి!" లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని పరిగెత్తింది. "వాళ్లను ఆపండి సార్! అన్నయ్య బయటే ఉన్నాడు!"

"ఇప్పుడే కదమ్మా లేడన్నావు?"

"నా ప్రోగ్రాం పైపైన చూసి లేడనేస్తోంది సార్. విడిగా ఉన్న పేర్లనే చూస్తోంది. మూటలో మూట ఉంటే విప్పి చూడట్లేదు. వాళ్ల మేస్త్రి టీమందరికీ కలిపి కార్డు పెట్టాడు. ఆ టీము మూట, వెనక గేటు మూటలో ఉంది. దాంట్లో ఉన్నాడు మా అన్నయ్య!"

ఆఫీసర్ ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. "చూడమ్మా, నీ తోడబుట్టినవాడు. నీ లెక్క తప్పితే తర్వాత నేను చేయగలిగిందేం ఉండదు. పంపనా, ఆపనా?"

తలుపు దగ్గర ఆ ఇద్దరూ ఆగి ఇటే చూస్తున్నారు. మాస్కు అద్దాల వెనక వాళ్ల కళ్లు కనిపిస్తున్నాయి. వాళ్లకీ ఇళ్లల్లో ఎదురుచూసే చెల్లెళ్లు ఉండే ఉంటారు.

"ఆపండి" అంది.

ఆఫీసర్ విజిల్ ఊదాడు. ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. "మరి మిగతావాళ్ల సంగతి? ఎవరైనా లోపలుంటే తలుపులు మూయలేను. మూయకపోతే మంట ఆగదు."

"ఒక్క నిమిషం సార్."

ఆమె ప్రోగ్రాం మార్చింది. పేరైతే చూడు. మూటైతే విప్పు. అందులో ఇంకో మూట ఉంటే అదీ విప్పు. ఇక విప్పడానికేమీ మిగలనిదాకా విప్పుతూనే ఉండు. నడిపించింది. స్క్రీన్ మీద పేర్లు పైనుంచి కిందికి వరసగా పచ్చబడ్డాయి. సగం మందికి పైగా మూటల్లోనే ఉన్నారు, ఆఫీసు టీముతో కలిసి బయటికొచ్చిన తను కూడా. చివరికి ఒక్క ఎరుపు కూడా మిగల్లేదు.

"లోపల ఎవరూ లేరు!" మేనేజర్ గట్టిగా అరిచాడు.

ఇనుప షట్టర్లు ధడధడా దిగాయి. గొట్టాల్లోంచి నురుగు లోపలికి దూకింది. అంతలోనే పెళపెళమంటూ కప్పు కూలింది. సరిగ్గా ఆ ఇద్దరూ నడవాల్సిన దారి మీదే.

ఒకడు మాస్కు తీసి నేలమీద కూలబడ్డాడు. "చెల్లెమ్మా, మా ప్రాణాలు నిలబెట్టావు" అన్నాడు. మేనేజర్ చెమట తుడుచుకుంటూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

కంప్యూటరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అన్నయ్యకి తెలిస్తే నా పని అయిపోయినట్టే సార్. బతికున్నవాణ్ణి లేకుండా చేశావే అని ఏడాది పొడుగునా ఏడిపిస్తాడు."

గోడ మలుపు తిరిగి మిక్సింగ్ మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. మొహమంతా మసి. ఆమెను చూడగానే కాళ్లకు మేకులు కొట్టినట్టు నిలబడిపోయాడు.

"నువ్వు ఇక్కడున్నావా తల్లీ?"

"అన్నయ్యేడీ మేస్త్రీ? మీ వెనకాలే వస్తున్నాడా?"

మేస్త్రి మూసేసిన షట్టర్ల వైపు చూశాడు.

"వెనక గేటు స్క్రీన్లో నీ పేరు కొట్టి చూశాడమ్మా. నువ్వు బయట లేవని వచ్చింది. నలుగురం పట్టుకున్నా ఆగకుండా, నీ కోసం లోపలికెళ్లాడు."