సీ త్రీకి మూడు, సీ ఫోర్‌కి నాలుగు

“నీ నవ్వున్నది చూడు, గోల్డ్ ఫాయిల్ కొట్టిన పెండ్లికార్డు లెక్క మెరుస్తది,” అన్నాడు లక్ష్మణ్, నీళ్ళ గ్లాసు పట్టుకుని.

గోళీ నోట్లో వేసుకోబోతూ కల్పలత ఆగింది. “ఇది ఎన్నోది?”

“రెండోది. ముందు మింగు.”

మింగింది.

“ఇగ నీ జడ...” లక్ష్మణ్ కాసేపు పైకప్పు వంక చూశాడు. “నీ జడ, కార్డుకు కట్టే సిల్కు దారం లెక్కున్నది. అయిపోయింది. సీ త్రీకి మూడు. సీ ఫోర్‌వి నాలుగు సాయంత్రం చెప్తా.”

హమ్మయ్య అనుకుంటూ స్కూటర్ ఎక్కి, మల్కాజ్‌గిరి నుంచి బన్సీలాల్‌పేట్‌లోని తన ప్రింటింగ్ ప్రెస్సుకి పారిపోయాడు.

తలుపు వేసుకుని కల్పలత పడీ పడీ నవ్వింది.

అసలు సంగతి పదిహేను రోజుల కిందట ఆసుపత్రిలో మొదలైంది. కీళ్ళ నొప్పులు, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు. పరీక్షలన్నీ చూసి డాక్టర్ షెకీనా, లూపస్ అనే జబ్బని తేల్చింది. సరిగ్గా అప్పుడే లక్ష్మణ్‌కి ఫోనొచ్చింది. తలుపు ఓరగా వేసి వరండాలోకి వెళ్ళాడు.

“సీ త్రీ అని రక్తంలో ఒక ప్రొటీన్ ఉంటుందమ్మా,” అంది డాక్టర్. “సూక్ష్మజీవి కనబడగానే దాని ఒంటిమీద ముద్ర వేస్తుంది. ముద్ర పడ్డదాన్ని తెల్లకణాలు మింగేస్తాయి. మీ ఒంట్లో ఆ ముద్రలు పోయి మీ కిడ్నీల మీదే పడుతున్నాయి. సీ త్రీ, దానికి తోడుండే సీ ఫోర్ అంతా అక్కడే ఖర్చయిపోతోంది. అందుకే రక్తంలో తగ్గిపోయాయి. ఈ గోళీలు ఒక్కటి కూడా మానకూడదు.”

“నేను మింగ మేడమ్. మా గల్లీల సువార్త ఆంటీ ఇవే మింగింది. మొఖం పూరీ లెక్క పొంగింది.”

“పొంగిన ముఖం మళ్ళీ తగ్గుతుందమ్మా. కిడ్నీ పోతే రాదు.”

కల్పలత తలూపింది. గోళీలు కొనిపించుకుని, రోజూ వాష్ బేసిన్‌లో వేసేయాలని మనసులో గట్టిగా నిర్ణయించుకుంది.

లక్ష్మణ్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చాడు. “ఏం తక్కువైనయట మేడమ్?”

“కాంప్లిమెంట్లండీ. బాగా తగ్గాయి. పెరగకపోతే ప్రమాదం.”

లక్ష్మణ్ ముఖం పాలిపోయింది. “మూడా, నాలుగా మేడమ్?”

“రెండూనండీ. సీ త్రీ, సీ ఫోర్, రెండూ పెరగాలి.”

“తప్పు నాదే మేడమ్. పద్నాలుగేండ్లల్ల కూరల ఉప్పు మంచిగున్నదనుడు తప్ప ఒక్క కాంప్లిమెంట్ ఇయ్యలే. రేపటి సంది షురూ చేస్త.”

డాక్టర్ అయోమయంగా చూసింది. కల్పలత కొంగుతో నోరు మూసుకుంది. రిపోర్టులో ఉన్న కాంప్లిమెంట్ అనే ఇంగ్లీషు మాటకి మధ్యలో, ‘ఎల్’ తర్వాతి అక్షరం ‘ఈ’. అది ప్రొటీన్. ఈయన అనుకుంటున్నదానికి మధ్యలో ‘ఐ’. అది పొగడ్త. పలికితే రెండూ ఒకటే. పెండ్లికార్డులో ఒక్క ‘డి’ తప్పిపోయిందని ఐదొందల కార్డులు చింపేసిన మనిషి, పెళ్ళాం రిపోర్టు మాత్రం తెరిచి చూడలేదు!

చెబుదామనుకుంది. చెబితే పొగడ్తలు ఆగిపోతాయి. చెప్పలేదు.

మర్నాడే లక్ష్మణ్ షరతు పెట్టాడు. “గోళీ మింగినంకనే కాంప్లిమెంట్. గోళీ లేకుండ ఇస్తే ఒంటికి పట్టదట.”

“ఎవరన్నరు?”

“డాక్టరమ్మనే. నువ్వు ఇనలే.”

డాక్టర్ అలా అనలేదని కల్పలతకి తెలుసు. కానీ పద్నాలుగేళ్ళ ఆకలి. వాష్ బేసిన్ సంగతి పక్కనపెట్టి, ఒక్కో పొగడ్తకీ ఒక్కో గోళీ గుటుక్కున మింగింది.

నెల తిరిగేసరికి భయపడ్డట్టే ముఖం ఉబ్బింది. అద్దం ముందు నిలబడి ఏడ్చింది. “ఇగ చాలు. రేపటి నుంచి మింగ.”

లక్ష్మణ్ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. “మామూలు సైజు కార్డు ఎవలన్నా కొడ్తరు. గిరాకీ అంతా జంబో కార్డుకే.”

“నన్ను జంబో అంటవా!” దిండు విసిరింది. తర్వాత నవ్వింది. గోళీ కూడా మింగింది.

రెండు నెలలకి మళ్ళీ రక్తపరీక్ష చేశారు. నలభై ఎనిమిది ఉన్న సీ త్రీ తొంభై నాలుగుకి చేరింది.

“ఒక్క గోళీ కూడా మానలేదన్నమాట,” అంది డాక్టర్ సంతోషంగా. “కిడ్నీలకి ప్రస్తుతానికి భయం లేదమ్మా.”

కల్పలత మనసు చివుక్కుమంది. పాపం, రోజుకి ఏడు పొగడ్తల కోసం ఎంత పరేషానయ్యాడో! ఇక నిజం చెప్పేయాలి. ఉస్మానియా బిస్కెట్ల పొట్లం కట్టించుకుని నేరుగా ప్రెస్సుకి వెళ్ళింది.

లక్ష్మణ్ లేడు. కంపోజింగ్ చేసే ఐజాక్ కుర్చీ వేశాడు. “అన్న కార్డులు ఇయ్యవోయిండు వదినా. కూసోండ్రి.”

టేబుల్ మీద ఒక నోట్‌బుక్కు. తెరిచింది. పేజీల నిండా పొగడ్తలు. కొట్టేసినవి, దిద్దినవి, మళ్ళీ రాసినవి.

“మీ అన్న చేతిరాతేనా?”

“ఆయనదే. పొద్దంతా అదే పని. దాంట్ల ఒక్క స్పెల్లింగ్ తప్పు దొరికినా గుండు కొట్టించుకుంట వదినా.”

కల్పలత నవ్వుతూ పుస్తకం మూసింది. అట్ట మీద ఆసుపత్రికి మొదటిసారి వెళ్ళిన రోజు తేదీ ఉంది. దాని పైన ముచ్చటైన ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క మాట, కాంప్లిమెంట్.

ఆ మాట మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది.

మధ్యలో ఉన్నది ‘ఈ’.