మారు అన్నం

మురళీమోహన్ ఆనపకాయ చెక్కు తీస్తున్నాడు. వంటపుస్తకాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, గాలికి పేజీలు తిరగకుండా అప్పడాల కర్ర అడ్డం పెట్టుకున్నాడు.

“గింజ ముదిరిందేమో సూడు. పుస్తకంలో రాయలేదని వొదిలీకు,” అంది గడప దగ్గర కూర్చున్న తల్లి సుభద్రమ్మ. ఆమె జాడీలోంచి ఆవకాయ తీసి సీసాలో పెడుతోంది. చేతులకు వణుకు వచ్చినప్పటి నుంచి ఆమె పొయ్యి దగ్గరకు పోవడం లేదు. ఆవకాయ ఎవరికని కొడుకు అడిగితే, తినేవాళ్లకని చెప్పింది.

ఆమదాలవలసలో మురళీమోహన్‌కు ఎరువుల కొట్టు ఉంది. మొన్నమొన్నటి దాకా మంచినీళ్లకు తప్ప అతను వంటింట్లోకి వచ్చి ఎరగడు. ఆ అవసరమూ పడలేదు. భార్య సుహాసిని వంటల గురించి పత్రికలకు రాస్తుంది. పైగా మేనమామ కూతురు. సుభద్రమ్మ నాలుకకు ఏ రుచి పడుతుందో ఆ పిల్లకు చిన్నప్పటి నుంచే తెలుసు.

వేసవిలో విశాఖపట్నం నుంచి ఒక పత్రిక వాళ్లు సుహాసినిని ఉద్యోగానికి రమ్మన్నారు. అక్కడే ఉండి వంటల పేజీ అంతా చూసుకోవాలి. ఆ సంగతి చెబితే మురళీమోహన్ ఫోనులోంచి తలెత్తలేదు.

“ఎల్తే ఎల్లు గానీ, ఇంట్లో వంటెవరు సేస్తారు?”

సుహాసిని పాలు పొంగుతున్నాయేమో చూడడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట అక్కడితో ఆగింది.

తర్వాత కొద్ది రోజులకే ఒక వ్యాసం పని వచ్చిందని చెప్పింది. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే వంటపుస్తకాలు ఏవో ఏరి రాయాలట. వంట వచ్చినవాళ్లు పరీక్షిస్తే ఏ పుస్తకమైనా మంచిదేనని, పొయ్యి వెలిగించడం రానివాడు చూసి వండగలిగితేనే అది పుస్తకమని సుహాసిని వాదన.

“నీకంటే రానోడు ఈ ఊళ్లో దొరకడు బావా,” అంది. అత్త మారు అన్నం పెట్టించుకున్న రోజు, ఆ పుస్తకం నెగ్గినట్టు.

మగోడిని పొయ్యికాడ నిలబెట్టి పరీక్షలేటని సుభద్రమ్మ కోడలిని దెప్పింది. దెప్పుతూనే రోజూ కంచం ముందు కూర్చుంది.

మొదటిది హోటలు వంటమాస్టరు రాసిన లావుపాటి పుస్తకం. బొమ్మలు నోరూరిస్తాయి. ఉప్పు దగ్గరకు వచ్చేసరికి ‘తగినంత’ అని ఉంది. తగినంత అంటే ఎంతని మురళీమోహన్ విసుక్కున్నాడు. నాలుక మీద వేసుకుంటే తెలుస్తుందని సుహాసిని పక్క గదిలోంచే జవాబిచ్చింది. ఆ పూట సుభద్రమ్మ మజ్జిగతో సరిపెట్టుకుంది. రెండోది చిరుధాన్యాల పుస్తకం. అందులోని చోడి ముద్ద మాడి గిన్నెకు అతుక్కుంది. “కుక్కకి పెట్టకురా, పాపం తగుల్తాది,” అంది తల్లి.

అతనికి పంతం పట్టుకుంది. పుస్తకాలు కొట్టుకు తీసుకుపోయి చదివాడు. యూరియా కోసం వచ్చిన అసిరయ్యను, మీ ఇంట్లో పులుసులో బెల్లం ఎప్పుడేస్తారని అడిగాడు. అసిరయ్య ఆ మాట బజారంతా చెప్పుకుని నవ్వాడు. నవ్వినా, కూరలు మెల్లగా దారిలో పడ్డాయి. సుభద్రమ్మ కంచం ఖాళీ చేయసాగింది. అయితే మారు మాత్రం అడగలేదు. చెయ్యి కడుక్కుంటూ, “ఇంకా కుదర్లేదే పిల్లా,” అనేది కోడలితో.

ఇవాళ్టిది చివరి పుస్తకం. పక్కింటి దానమ్మ ఇచ్చింది. వాళ్ల చర్చి ఆడవాళ్లు కలిసి అచ్చువేయించుకున్నది. బొమ్మ ఒక్కటీ లేదు, ‘తగినంత’ అన్న మాటా లేదు. చింతపండు నిమ్మకాయంత, బెల్లం దాంట్లో సగం.

పులుసు మరిగింది. మురళీమోహన్ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, ఇంకో చిటికెడు ఉప్పు వేసి పోపు పెట్టాడు. సుహాసిని గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పడాల కర్ర దొర్లిపోయి పుస్తకం ఎప్పుడో మూసుకుపోయింది. అతను గమనించలేదు. ఆమె చెప్పలేదు.

ముగ్గురికీ అతనే వడ్డించాడు. సుభద్రమ్మ నెమ్మదిగా తింది. కంచం ఖాళీ అయినా లేవలేదు. కోడలి ముఖం వంక చాలాసేపు చూసి, కంచం కొడుకు వైపు జరిపింది.

“ఇంకాస్త ఎట్టు. పులుసు అడుగునుంచి తియ్యి.”

“నెగ్గిందా లేదా, సూడు,” అన్నాడు మురళీమోహన్ భార్యతో, గరిటె పైకెత్తి.

సుహాసిని తలూపింది. తన కంచం కడిగి బోర్లించింది. పుస్తకాలన్నీ బియ్యం డబ్బా పక్కన వరుసగా నిలబెట్టింది. గదిలోకి వెళ్లి భుజాన సంచితో వచ్చి, గడప దగ్గరున్న ఆవకాయ సీసా అందులో సర్దుకుంది. చెప్పులేసుకుని, వీధిలోకి దిగి రైలు స్టేషను వైపు తిరిగింది.

వ్యాసానికి ఫొటోల పనేదో పడి ఉంటుందనుకున్నాడు మురళీమోహన్. తల్లికి అన్నం పెడుతూ, ఆ వ్యాసం ఎప్పుడొస్తాదంటావని అడిగాడు.

సుభద్రమ్మ వణికే చేత్తో పులుసు కలుపుకుంటోంది.

“వ్యాసం ఎక్కడిదిరా,” అంది. “వంటెవరు సేస్తారని నువ్వే కదా అడిగినావు.”