హేమిన్ చెట్టు

"ఎవరయ్యా నువ్వు? నా కొడుకు మీద చెయ్యేస్తున్నావేం?"

హఫ్సా కేకకు ఆ మనిషి ఉలిక్కిపడలేదు. కుంచెను బకెట్లో ముంచి, పాప్లర్ చెట్టు మొదలుకు సున్నం పూస్తూనే ఉన్నాడు.

"ఎండలు ముదురుతున్నాయి చెల్లెమ్మా. ఒంటరి చెట్టు, లేత బెరడు. పుయ్యకపోతే మాడిపోతుంది."

ఆ కొండ ఊళ్ళో మగబిడ్డ పుడితే తండ్రి ఇంటి ముందు పాప్లర్ మొక్క నాటుతాడు. చెట్టు పచ్చగా ఉన్నంతకాలం బిడ్డ ఎక్కడున్నా క్షేమమేనని అందరి నమ్మకం.

హఫ్సా కొడుకు హేమిన్ సరుకు మూట వీపున కట్టుకుని, మంచు కనుమ దాటి అవతలి దేశానికని బయలుదేరి కొన్నేళ్ళయింది. మనిషీ రాలేదు, కబురూ రాలేదు.

చెట్టు మాత్రం ఏటా చిగురించేది.

"చూడండి, ఎలా ఊగుతున్నాడో! ఎక్కడో హాయిగా ఉన్నాడు నా తండ్రి," అని వచ్చిన వాళ్ళందరికీ చూపించేది.

అందుకే చెట్టుకు మేలు చేస్తున్న మనిషిని చూసి కాస్త మెత్తబడింది.

"సరేలే. టీ పెట్టాను, తాగి వెళ్ళు."

"వద్దమ్మా. నీ ఇంట్లో నేనేమీ ముట్టకూడదు."

"ఏం, విషం కలుపుతాననుకున్నావా?"

అతను మానుకు చెవి ఆనించి కాసేపు నిలబడ్డాడు. వెళ్ళబోతూ బెరడు నిమిరాడు.

"వస్తా, హేమిన్."

హఫ్సా గుమ్మంలోనే ఆగిపోయింది. కొడుకు పేరు తను చెప్పనే లేదు.

ఆకులు రాలాక మళ్ళీ వచ్చాడు. వీపున గడ్డిమోపు, గోనెపట్టాలు. మొదలు నుంచి కొమ్మల దాకా మానుకు గడ్డి పేర్చి, పైన పట్టా చుట్టి, తాడుతో బిగించాడు. కనుమ దారి పట్టాడు.

పొరుగింటి పీరోజ్ గోడ మీద నుంచి అంతా చూసింది.

"అక్కా, ఎవరతను?"

"ఏమో. కనుమ వైపు నుంచి వస్తాడు."

"అటు నుంచి వచ్చేవాళ్ళలో మనుషులెందరో, కానివాళ్ళెందరో! నీ ఇంట టీ చుక్క కూడా ముట్టడంలేదంటే ఎందుకనుకున్నావు? ఉప్పు తిన్న ఇంటికి కీడు చెయ్యకూడదుగా!"

"నోరు ముయ్యవే."

"నేను మూసుకుంటాలే. నువ్వు కళ్ళు తెరిచి చూడు. ఆ చుట్టడం చూడు. శవానికి కఫన్ చుట్టినట్టు లేదూ?"

హఫ్సా చూసింది. మసక వెలుతురులో, నిలువెత్తు మనిషికి ముఖం కూడా కనిపించకుండా గుడ్డ చుట్టి వాకిట్లో నిలబెట్టినట్టుంది. గాలి లేదు. అయినా పట్టా లోపల ఏదో మెల్లగా కదిలింది. గడ్డిలో దూరిన ఎలుకేనేమో. కాని ఆమె లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

తెల్లవారగానే కత్తి తీసుకుని తాళ్ళన్నీ కోసేసింది. గడ్డి పొయ్యిలో పెట్టింది.

చలి ముదిరిన రోజుల్లో అతను వచ్చాడు. కనుబొమల నిండా మంచు. నగ్నంగా నిలబడ్డ మానును చూసి కొయ్యబారిపోయాడు.

"ఎవరు విప్పారమ్మా?"

"నేనే! నా కొడుక్కి బతికుండగానే కఫన్ చుడతావా?"

అతని ముఖం పాలిపోయింది.

"అలా అనకు తల్లీ. పగలు ఎండ తగిలి మాను వెచ్చబడుతుంది. పొద్దు వాలగానే గడ్డకడుతుంది. నిలువునా చీలిపోతుంది. ఈ ఒక్క చలికాలం చుట్టనివ్వు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చెట్టు దగ్గరికి వచ్చావంటే గొడ్డలి తీస్తా!"

పీరోజ్ రాయి విసిరింది. అది అతని భుజానికి తగిలింది. అయినా కదలలేదు. కురిసే మంచులో గోడ పక్కన పొద్దు గూకేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత లేడు.

"చూశావా?" మర్నాడు నేల చూపించింది పీరోజ్. "అడుగుల గుర్తులే లేవు!"

మంచు పూడ్చేసిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట అనలేదు.

ఆ వారం ఎండ కాసింది. పొద్దు వాలుతుండగా తుపాకి పేలినట్టు పెద్ద చప్పుడు. హఫ్సా బయటికి పరుగెత్తింది. మాను మొదలంటా చీలిపోయింది. సగం చెట్టు వాకిట్లో కూలి ఉంది.

"హేమిన్!"

ఆ అరుపుకు ఊరంతా పరుగున వచ్చింది. హఫ్సా జుట్టు పీక్కుంది, గుండెలు బాదుకుంది. శవం లేని ఇంట్లో ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఏడ్చారు. హఫ్సా నల్లబట్ట కట్టింది.

వసంతం వచ్చింది. ఊళ్ళో పాప్లర్లన్నీ ఆకు తొడిగాయి, ఆ ఒక్కటి తప్ప.

ఒక మధ్యాహ్నం సున్నం బకెట్‌తో ఒక అమ్మాయి వాకిట్లోకి వచ్చింది. చీలిన మానును చూసి అక్కడే కూలబడింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నా పేరు షిలేర్. ఇన్నేళ్ళూ ఈ చెట్టును దూరం నుంచి కనిపెట్టి, నిరుడు సున్నం పూసి వెళ్ళాడే, ఆయన కూతుర్ని. ఈ చలికాలం ఇక్కణ్ణుంచి తడిసి వచ్చి మంచం పట్టాడు. మళ్ళీ లేవలేదు. ఎండలు రాకముందే సున్నం పుయ్యమని నాతో చెప్పి పోయాడు."

హఫ్సా పళ్ళు కొరికింది.

"మీ నాన్న ఏ ముహూర్తాన ఈ చెట్టు మీద చెయ్యి వేశాడో! ఈ చలికాలమే నా కొడుకు పోయాడు. ఇది చీలిన రోజే పోయాడు!"

షిలేర్ లేచి, హఫ్సా రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ చలికాలం కాదమ్మా... హేమిన్ ఇల్లు వదిలిన రోజే పోయాడు, కనుమ మీద, తనతోపాటు మూట మోసిన మా నాన్న ఒళ్ళో, 'చెట్టు ఎండితే మా అమ్మకు తెలిసిపోతుంది, ఎండనివ్వకు మామా' అని మాట తీసుకుని."