హీరోగారి కారు కింద

“ఆ స్టాండ్లు వద్దయ్యా, జాకీ ఒక్కటి కట్టివ్వు,” అన్నాడు హితేష్ వర్ధన్. కౌంటరు మీదున్న రెండు ఇనుప స్టాండ్లను ముట్టుకుంటే మసి అంటుతుందన్నట్టు చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

వెనక నిలబడ్డ అంతోనికి ఒళ్లు మండింది. హితేష్ సినిమా హీరో. అంతోని అతని డూప్. మేడ మీంచి దూకేదీ, అద్దాలు పగలగొట్టుకుని వచ్చేదీ అంతోని. ఈలలు వేయించుకునేది హితేష్. ఈసారి పని ఇంకా దరిద్రంగా ఉంది. కొత్త సినిమా వచ్చేలోగా, హీరోగారు తన కారుకు తనే ఇంట్లో ఆయిల్ మార్చుకుంటారనీ, అంతటి సాదాసీదా మనిషనీ జనానికి ఓ చిన్న వీడియో చూపించాలట. కారు కింద పడుకునేది మాత్రం అంతోని. హీరో ప్యాంటులాంటి ప్యాంటే, హీరో బూట్లలాంటి బూట్లే తొడుక్కుని, కాళ్లు బయటికి కనపడేలా పడుకోవాలి.

హీరో స్వయంగా ఫిల్మ్ నగర్‌లో కారు సామాన్ల షాపుకొచ్చి జాకీ ఎంచుకోవడం కూడా ఆ వీడియోలో భాగమే. మేనేజర్ వరప్రసాద్ ఫోన్ పట్టుకుని చుట్టూ తిరుగుతూ తీస్తున్నాడు.

ఎంచుకోవడమా అది! షాపాయన పోచయ్య వెడల్పాటి చక్రాల జాకీ తెచ్చి ముందు పెడితే నీలం రంగు బాలేదన్నాడు హితేష్. నా కారు ఎర్రది, జాకీ కూడా ఎర్రగా ఉంటేనే అందమన్నాడు. ఎర్రది చిన్నదనీ, ఆ బండి బరువుకు చాలదనీ పోచయ్య మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. హ్యాండిల్ పట్టుకుని ఇటోసారి, అటోసారి పోజు కొట్టి ఇదే ఖాయమన్నాడు. చెప్పులు కొనేవాడైనా ఓసారి కాలు పెట్టి చూసుకుంటాడు కదరా అనుకున్నాడు అంతోని.

“సార్, జాకీ లేపనీకే,” అన్నాడు పోచయ్య. “లేపినంక బండిని మోసేది స్టాండే. జాకీ లోపల నూనె కారిందనుకోండ్రి, బండి సీదా కిందికొస్తది. కింద మనిషుంటే ఇంకేమన్న ఉన్నదా?”

ఫ్రేమ్‌లో అడ్డంగా కనపడతాయని కొట్టిపారేశాడు హితేష్. అంతోని ఇక ఉండబట్టలేక, తీసుకుంటే మంచిది సార్ అన్నాడు. హితేష్ వరప్రసాద్ వైపు తిరిగి, మన ఫైటర్‌కి భయమేస్తోందట అని నవ్వాడు. వరప్రసాద్ అంతకంటే గట్టిగా నవ్వాడు.

నేను పడుకోను పొమ్మని వెళ్లిపోవచ్చు. అదే ఎత్తు, అవే భుజాలున్న ఇంకొకణ్ని వరప్రసాద్ గంటలో పట్టుకొస్తాడు. ఆ తర్వాత అంతోనిని పిలిచే నాథుడుండడు.

వీడి మొహం మండ అనుకున్నాడు. వీడికి ఏడుపు సీనుకీ తుమ్మొచ్చే సీనుకీ తేడా తెలీదు, జాకీకీ స్టాండుకీ తేడా తెలుస్తుందా? తలకాయ ఉన్నది గాగుల్స్ పెట్టుకోవడానికే. ఇలాంటివాడితో బతిమాలుకుంటే లాభం లేదు.

అందుకని గొంతులో లేని వినయమంతా తెచ్చుకున్నాడు.

“మీ ఇష్టం సార్. కానీ ఒట్టి కాళ్లే చూపిస్తే డూప్ అంటారు జనం. కారు కింద మీ ముఖం ఒక్క క్లోజప్ పడిందనుకోండి, ఇక ఎవడూ నోరెత్తడు.”

డూప్ అన్న మాటకి హితేష్ నవ్వు ఆగిపోయింది. వరప్రసాద్ వైపు చూశాడు. ఐడియా బ్రహ్మాండంగా ఉందన్నాడు వరప్రసాద్. హితేష్ ఆ ఎర్ర జాకీని కాసేపు ఎగాదిగా చూసి, పోచయ్య వైపు వంగాడు.

“ఈ స్టాండ్లు కాదు. నీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే గట్టివి తియ్యి.”

అంతోనికి నవ్వాపుకోవడం కష్టమైంది. స్టాండ్లు రెండూ తనే మోసుకెళ్లి కారులో పెట్టాడు.

జూబ్లీహిల్స్‌లో హీరో ఇంటి పోర్టికోలో కారు ముందుభాగం జాకీ మీద లేచింది. రెండు వైపులా స్టాండ్లు పెట్టి, కారుని భుజంతో గట్టిగా నెట్టి చూశాడు అంతోని. కదల్లేదు. ఇంకోసారి నెట్టమన్నాడు హితేష్. నెట్టాడు. అప్పుడు కింద మెత్తటి పరుపు వేయించుకుని, బుగ్గ మీద కాటుకతో మసి పూయించుకుని, హీరోగారు కారు కిందికి జరిగారు. కెమెరా వైపు చూసి, మన బండి పని మనమే చేసుకోవాలన్నారు. ఆయిల్ బోల్టు ఎక్కడుందో కూడా తెలియకుండానే స్పానర్ ఊపారు. షాట్ ఓకే అనగానే గబగబా బయటికొచ్చి ముఖం తుడుచుకోవడానికి తడి టిష్యూలు తెమ్మని అరిచారు.

ఇక కాళ్ల షాట్. పరుపు తీసేశారు. అంతోని ఒట్టి నేల మీద వెల్లకిలా పడుకుని నడుం దాకా కారు కిందికి జరిగాడు. ఛాతీకి జానెడు ఎత్తులో ఇంజన్. అటూ ఇటూ స్టాండ్లు నిక్షేపంగా ఉన్నాయి. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పిచ్చి సన్నాసి, ఎంత తేలిగ్గా బుట్టలో పడ్డాడు అనుకున్నాడు. క్లోజప్ మాట ఎందుకెత్తానో కూడా వాడి బుర్రకి ఎక్కి ఉండదు.

బయట హితేష్ బూట్లు కారు దగ్గరకొచ్చి ఆగాయి.

“ఆ స్టాండ్లు తీయించెయ్ ప్రసాద్. నా క్లోజప్ అయిపోయిందిగా.”