మా వంశంలో లేదు

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. కొడుకు చొక్కాలు విడిగా తీసి, రేపటి ఆస్పత్రి సంచిలో సర్దుతోంది.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

నలభై ఏళ్ళ మనిషి. చేతికర్ర మీద బరువంతా మోపి నిలబడ్డాడు.

"ఆస్పత్రిలో ఫైళ్ళు చూసే గుమస్తానమ్మా. రేపు మీ బాబుకి టాన్సిల్స్ ఆపరేషన్ కదా. కొన్నాళ్ళు ఆపండి."

"డాక్టరుగారు చెప్పమన్నారా?"

"లేదమ్మా, నా అంతట నేనే వచ్చాను. ముందు రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించండి. బాబుకి ఊరికే నీలిమచ్చలు వస్తుంటాయా?"

వస్తుంటాయి. మోకాలు కూడా రెండుసార్లు వాచింది. కానీ ముక్కూ మొహం తెలియనివాడితో ఆ మాటలెందుకు?

"మగపిల్లాడన్నాక దెబ్బలు తగలవా?" అంది. వాళ్ళమ్మ ఎప్పుడూ అనే మాటే అది.

"నా మోకాలూ అలాగే మొదలైందమ్మా. లోపల రక్తం కారికారి బిగుసుకుపోయింది. ఈ జబ్బు తల్లి వైపు నుంచి వస్తుంది. ఆడవాళ్ళు తెలియకుండా మోస్తారు, మగపిల్లలు అనుభవిస్తారు. ఆస్పత్రి ఫారంలో 'ఇంట్లో ఎవరికైనా ఉందా' అన్నచోట మీ అమ్మగారు 'లేదు' అని రాశారు. ఇంకొక్కసారి అడగండి."

"అమ్మా, విన్నావా?"

వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగలేదు.

"మా వంశంలో అలాంటివాళ్ళు ఎవరూ లేరు. పంపించెయ్."

"విన్నారుగా!" అందామె అతనితో. "ఫైళ్ళు చూసేవాళ్ళే వైద్యం చెబితే, ఇక డాక్టర్లు ఫైళ్ళు మోసుకోవాలి."

అతను చిన్నగా నవ్వాడు.

"అదీ నిజమే" అని, వంటింటి వైపు ఒకసారి చూసి, మెట్లు ఒక్కొక్కటే పక్కకి తిరిగి దిగాడు.

సాయంత్రం అమ్మ ఉన్నట్టుండి అంది.

"పోనీ, వాయిదా వేద్దామా?"

"ఆ కుంటాయన మాట పట్టుకునా?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరు ఆపరేషన్ గది నుంచి చిరాకుగా బయటికి వచ్చాడు.

"ఈరోజు ఆపరేషన్ లేదు. మా గుమస్తా తెల్లారకముందే వచ్చి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని నా గది ముందు కూర్చున్నాడు. పరీక్ష చేస్తేగాని ఇవ్వడట. ఉద్యోగం ఊడుతుందన్నా కదలడే!"

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. హీమోఫీలియా, రక్తం గడ్డకట్టని జబ్బు.

ఈసారి డాక్టరు గొంతులో చిరాకు లేదు.

"కత్తి పెట్టి ఉంటే రక్తం ఆపడం మా తరమయ్యేది కాదమ్మా. ఇక భయం లేదు, ఇంజెక్షన్లున్నాయి. బాబుని జాగ్రత్తగా చూసుకోండి."

ఆమె నేరుగా ఫైళ్ళ గదికి పరిగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి వచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అతను పోయాడమ్మా. నిన్న బస్సు దిగుతూ పడ్డాడట. తల లోపల రక్తం ఆగలేదట."

అమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నాలుగేళ్ళప్పుడు ఎవరో వార్డులో వదిలేసి పోయారట. నర్సులే పెంచి, అక్కడే పని ఇప్పించారట. తీసుకెళ్ళడానికి నా అన్నవాళ్ళు లేక శవాన్ని మార్చురీలో అలాగే ఉంచారు. అలాంటి మనిషిని కూర్చోమని కూడా అనలేదే నేను!"

అమ్మ పొయ్యి ఆర్పింది.

"పాత రిజిస్టరులో వాళ్ళమ్మ పేరుందట. విచిత్రం, అచ్చం నీ పేరేనమ్మా!"

అమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

ముప్పయ్యారేళ్ళ క్రితం వార్డులో వదిలొచ్చిన తన తొలిచూలు బిడ్డని తెచ్చుకోవడానికి, అమ్మ గుమ్మం దాటింది.