ఉమ్మడి ఫోల్డర్

"మా ఆఫీసుకొచ్చి మా కోడ్‌కే వంకలు పెడతారేంటండి?"

గిరీష్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

జగ్గయ్యపేటలో అతనూ, మరదలు లక్ష్మీప్రసన్నా కలిసి మిర్చి రైతుల కోసం ఒక యాప్ నడుపుతున్నారు. ఇంతకు తక్కువైతే అమ్మనని రైతు అందులో తన ఆఖరి ధర పెట్టుకుంటాడు. అది వ్యాపారికి కనపడకూడదు. పేకాటలో చేతి ముక్కలు ఎదుటివాడు చూశాడంటే ఇంకేం ఆట?

ఎదురుగా కూర్చున్నావిడ పేరు సూసన్. ఎవరో, ఏ ఊరో తెలీదు. గిరీష్ గొప్పకు పోయి అందరూ చూడమని నెట్‌లో పెట్టిన కోడ్ చదివి, ఎండన పడి వచ్చింది.

"ఫోన్లలోకి వెళ్లే క్లయింట్ కోడ్‌కి ఒక ఫోల్డరు, మీ దగ్గరే ఉండే సర్వర్ కోడ్‌కి ఒకటి. బాగానే ఉందండి. ధర సరిచూసే కోడ్ మాత్రం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫోల్డర్‌లో పెట్టారు. దాంతో రైతు ధర వ్యాపారి ఫోన్‌లోకి వెళ్లిపోతోంది. దాన్ని సర్వర్ వైపుకి మార్చండి, చాలు."

ఒకే కోడ్ రెండు చోట్ల రాయడం దేనికని అక్కడ పడేసింది గిరీషే. ఉమ్మడి కాపురంలో బీరువా తాళం గుమ్మానికి వేలాడదీసిన తెలివి. ఒప్పుకుంటే అతను గిరీషెందుకవుతాడు?

పైగా నందిగామలో ఇలాంటిదే ఇంకో యాప్ మొదలైందని విన్నప్పట్నుంచీ అతనికి ఎవర్ని చూసినా అనుమానమే.

"నందిగామ వాళ్లు పంపారా మిమ్మల్ని?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. వినిపించుకుంటేగా.

ఒకసారి చూద్దాం అన్నందుకు లక్ష్మీప్రసన్నకూ చీవాట్లే. ఊరూ పేరూ లేనివాళ్లతో పాఠాలు చెప్పించుకునే ఖర్మ తనకు పట్టలేదన్నాడు.

సూసన్ మొహం కందిపోయింది. లేచి నిలబడింది.

"నా కోసం రాలేదండి. రేపట్నుంచి బేరాలు జోరుగా సాగుతాయి. ఈలోపే మార్చండి," అని మెట్లు దిగిపోయింది.

మార్చలేదు మహానుభావుడు.

మర్నాడు వ్యాపారులు ఏ రైతుకు ఆ రైతు ఆఖరి ధరే చెప్పారు. ఒక్క రూపాయి పైకి పాడినవాడు లేడు. సాయంత్రానికల్లా పెనుగంచిప్రోలు రైతులు యాప్ పీకి పారేశారు. ఏడాదంతా చెమటోడ్చి పండించిన కాయ మరి, కడుపు మండదా?

లక్ష్మీప్రసన్న కోడ్ తెరిచింది. సూసన్ చెప్పిన చోటే ఉంది తప్పు. టీ చల్లారేలోపు మార్చేసింది. ఇంతపాటి పనికి అంత పొగరేంటి బావా అని గిరీష్‌ని కడిగేసింది.

గిరీష్ పెనుగంచిప్రోలు పెద్దరైతు దశరథరామయ్యకు ఫోన్ చేశాడు. తప్పు సరిచేశామని, నలుగురికీ నచ్చజెప్పమని బతిమాలాడు.

"నేను చెబితే ఎవరింటారయ్యా?" అన్నాడు దశరథరామయ్య. "నీ యాప్‌ని ఇల్లిల్లూ తిరిగి మా చేత పెట్టించింది సూసన్. కంప్యూటర్ చదువు చదివొచ్చినా మాలాగే మిర్చి రైతు. పోయిన వారం అందరికంటే ముందు నష్టపోయిందీ ఆవిడే. కేసు పెడదామని మేమంతా లేస్తే, పిల్లలు తెలిసి చేసుండరు, నేనెళ్లి చెప్పొస్తానని మమ్మల్ని ఆపిందీ ఆవిడే."